రాత్రి రెండు గంటలకు ఎవరిని అడగాలి?



కొద్ది రోజుల క్రితం మా వీధిలో ఉండే మిత్రులొకరు తమ కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసింది. చేతిలో రెండు నియామక పత్రాలు ఉన్నాయి. ఒకటి నగరంలోని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిది, రెండవది జిల్లా కేంద్రంలోని ఒక మోస్తరు ఆసుపత్రిది. మొదటి దానిలో జీతం నెలకు మూడు వేలు ఎక్కువ. "డాక్టరుగారూ, ఎక్కడికి పంపమంటారు?" అని తండ్రి అడిగారు.

నేను అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, రాత్రి రెండు గంటలకు ఒక రోగి విషయంలో నీకు సందేహం వస్తే అక్కడ ఎవరిని అడుగుతావు?" అన్నాను. ఆమె తండ్రి ముఖం చూసింది. జీతం, హాస్టలు, భోజనం, బస్సు సౌకర్యం, అన్నీ కనుక్కున్నారు. ఈ ఒక్క విషయం మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

నర్సు ఉద్యోగంలో మొదటి ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను. మీ ఇంట్లో నర్సింగ్ చదివేవారు ఎవరూ లేకపోయినా దయచేసి చివరి వరకు చదవండి. ఆ అమ్మాయి ఎదుట మంచం మీద పడుకునేది రేపు మీరో, నేనో కావచ్చు.

ముందుగా చదువు సంగతి. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు. మన పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి సంవత్సరం కొండలా కనిపిస్తుంది. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, జీవ రసాయనం, అన్నీ ఒక్కసారిగా ఆంగ్లంలో మీద పడతాయి. చాలామంది బట్టీపట్టి గట్టెక్కుతారు. పరీక్షకు ఆ పద్ధతి చాలునేమో కాని, వార్డులో చాలదు. ఒక పదం అర్థం కానప్పుడు ముందు తెలుగులో దాని భావాన్ని పట్టుకొని, తరువాత ఆంగ్ల పదాన్ని గుర్తుంచుకోండి. గుండె వైఫల్యం ఉన్న రోగికి కాళ్ల వాపు ఎందుకు వస్తుందో మీ అమ్మమ్మకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే మీకు ఆ పాఠం వచ్చినట్లే.

రెండవది, మందుల లెక్కలు. ఐదు మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాముల మందు ఉన్నప్పుడు 350 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే ఎంత తీసుకోవాలి? మూడున్నర మిల్లీలీటర్లు. ఇది ఏడవ తరగతి లెక్క. అయితే నిద్ర కళ్లతో, ఇద్దరు బంధువులు పక్కన నిలబడి కేకలు వేస్తుండగా చేయవలసిన లెక్క కూడా ఇదే. కనుక రోజుకు ఐదు లెక్కల చొప్పున నాలుగేళ్లూ చేయండి. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పది రెట్లు మారుతుందన్న భయం మీలో ఎప్పటికీ పోకూడదు.

మూడవది, క్లినికల్ పోస్టింగులు. వార్డుకు వెళ్లకుండానే వెళ్లినట్లు లాగ్‌బుక్కులో సంతకాలు పెట్టించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉందని విద్యార్థులే నాతో అన్నారు. కళాశాలను మోసగించినట్లు అనిపించినా, నిజానికి నష్టపోయేది మీరే. కాన్పు చూడకుండా కాన్పు రాసుకున్న చేతికి, ఆ సంతకం ఎప్పటికీ పని నేర్పదు.

ఇక ఉద్యోగంలో మొదటి రోజు. కళాశాలలో నేర్చినదానికీ వార్డులో జరిగేదానికీ ఉన్న దూరాన్ని చూసి కొత్త నర్సులు నివ్వెరపోతారు. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు 1974లో ఈ స్థితి మీద ఒక గ్రంథమే రాసి, దానికి 'రియాలిటీ షాక్' అని పేరు పెట్టారు. వృత్తిలో నిలబడేదీ, వృత్తిని వదిలేసేదీ చాలావరకు ఈ తొలి నెలల్లోనే తేలుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా సంవత్సరాల క్రితం నేను పనిచేస్తున్న ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరి నెల కూడా కాని ఒక నర్సు అర్ధరాత్రి దాటాక నాకు ఫోన్ చేసింది. ఒక మందు మోతాదు గురించి చిన్న సందేహం. మోతాదు కేస్ షీటులో స్పష్టంగానే ఉంది. "చదవడం రాదా? దీనికి నన్ను లేపాలా?" అని విసుక్కొని ఫోన్ పెట్టేశాను. మరునాటికి ఆ సంగతి మరచిపోయాను. ఆమె మరచిపోలేదు.

వారం తరువాత అదే వార్డులో న్యుమోనియాతో ఉన్న ఒక వృద్ధుడికి రాత్రి రెండు గంటలకు శ్వాస వేగం నిమిషానికి 32కు చేరింది. ఆమె దాన్ని గమనించింది, కేస్ షీటులో రాసింది కూడా. నాకు మాత్రం ఫోన్ చేయలేదు. ఐదు గంటలకు ఆయన స్పృహ తప్పే స్థితికి వచ్చాకనే కబురు అందింది. వెంటనే ఐ.సి.యు.కు మార్చాం. అదృష్టవశాత్తు బతికారు, కాని చాలా రోజులు వెంటిలేటరు మీద ఉండవలసి వచ్చింది. విచారణలో "ఎందుకు ఫోన్ చేయలేదు?" అని అందరూ ఆమెనే నిలదీశారు. ఆమె తల వంచుకొని నిలబడింది. కారణం ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. ఆ రోజు నోరు విప్పనందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ అమ్మాయికి జ్ఞానం లేక కాదు, అడిగే ధైర్యం లేక ఆ మూడు గంటలు గడిచిపోయాయి. ఆ ధైర్యాన్ని తీసేసింది నేను. మంచి ఆసుపత్రికి నేను ఇచ్చే నిర్వచనం అప్పటి నుంచీ ఒక్కటే: కొత్త నర్సు భయపడకుండా ప్రశ్న అడగగలిగిన చోటు.

అయితే ప్రశ్న అడగాలన్నా ముందు రోగిని గమనించే తీరిక ఉండాలి. లిండా ఐకెన్ బృందం అమెరికాలోని ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు చూడవలసిన శస్త్రచికిత్స రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, ముప్పై రోజులలోపు మరణించే అవకాశం ఏడు శాతం చొప్పున పెరుగుతున్నట్లు తేలింది. మన దేశంలోనూ ప్రమాణాలు లేకపోలేదు. సాధారణ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు, ఐ.సి.యు.లో ఒక రోగికి ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వపు సిబ్బంది తనిఖీ విభాగం ఏనాడో సూచించింది. మన ఆసుపత్రులలో రాత్రివేళ వార్డులోకి వెళ్లి మంచాలను లెక్కపెడితే ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉందో మీకే తెలుస్తుంది.

కనుక మొదటి ఉద్యోగానికి వెళ్లేవారు, వారి తల్లిదండ్రులు, సంతకం పెట్టే ముందు ఈ సంగతులు తప్పక అడగండి.

చేరిన వెంటనే ఒంటరిగా డ్యూటీ వేస్తారా, లేక అనుభవజ్ఞురాలైన సిస్టరు పక్కన కొన్ని వారాలైనా పని నేర్పిస్తారా? మొదటి నైట్ డ్యూటీ ఎన్నాళ్ల తరువాత? రాత్రి ఒక్కొక్కరికి ఎంతమంది రోగులు? డ్యూటీ డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? ఈ ప్రశ్నలను నియామక అధికారిని అడిగితే సరిపోదు. ఆ ఆసుపత్రిలో ఇప్పటికే పనిచేస్తున్న మీ కళాశాల సీనియర్లను అడగండి. డ్యూటీ మారే వేళ గేటు దగ్గర అరగంట నిలబడినా చాలు, బయటికి వచ్చే నర్సుల ముఖాలే కొంత చెబుతాయి.

సూది గుచ్చుకుంటే ఏం చేస్తారని కూడా అడగండి. హెచ్.ఐ.వి. ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే నివారణ మందులను వీలైతే రెండు గంటలలోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటనివ్వకూడదు, 28 రోజులు వాడాలి. ఆ మందులు రాత్రివేళ ఎవరి దగ్గర దొరుకుతాయో చెప్పలేని ఆసుపత్రి మీ ప్రాణానికి విలువ ఇవ్వనట్లే. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులను చదువుకునే రోజుల్లోనే పూర్తి చేసుకోండి. చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకొని, రక్షణ ఏర్పడిందని నిర్ధారించుకోండి.

చివరిగా, బాండు. ఇన్నేళ్లు పనిచేయాలని రాయించుకొని, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసే ఆసుపత్రులు ఉన్నాయి. మీ సర్టిఫికెట్లు మీవి. పరిశీలనకు చూపించండి, జిరాక్సు ప్రతులు ఇవ్వండి, అసలువి మాత్రం ఇచ్చి రావద్దు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా డ్యూటీలో చేరవద్దు.

"డాక్టరుగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. విద్యారుణం వాయిదాలు ఎవరు కడతారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జీతం ముఖ్యం కాదని నేను అనను. నర్సులకు సేవాభావం చాలని చెప్పేవారిలో చాలామంది తమ పిల్లలను నర్సింగ్‌కు పంపనివారే. సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన నిపుణుల సంఘం 2016లోనే, యాభై పడకలకు లోపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రి సైతం నర్సుకు నెలకు ఇరవై వేలకు తగ్గకుండా ఇవ్వాలనీ, రెండు వందల పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. ఆ మొత్తం దొరకని చోట అడగడం మీ హక్కు. నేను అనేది ఇంతే: రెండు మూడు వేల తేడా కోసం, నేర్పేవారు లేని చోటికి వెళ్లకండి. తరువాత ప్రభుత్వోద్యోగానికి పోటీ పడినా, జర్మనీకో బ్రిటన్‌కో వెళ్లాలనుకున్నా, మీ చేతికి వచ్చిన పనే మీ పెట్టుబడి. తొలి ఏడాది సరిగ్గా నేర్చుకోనిది తరువాత నేర్చుకోవడం కష్టం.

డాక్టరు మిత్రులకు ఒక మనవి. అర్ధరాత్రి ఫోన్ మోగితే, ప్రశ్న ఎంత చిన్నదైనా, "అడిగి మంచి పని చేశావమ్మా" అనండి. ఆ ఒక్క మాట ఖర్చు లేని వైద్యం. రోగుల బంధువులకూ ఇదే మనవి. బిల్లు మీద కోపాన్ని, ఆలస్యం మీద కోపాన్ని నర్సు మీద చూపకండి. భయపడిన నర్సు మీ మనిషి మంచం దగ్గరికి రావడం తగ్గిస్తుంది.

మా మిత్రుని కుమార్తె సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె రెండు చోట్లా తన సీనియర్లతో మాట్లాడింది. జిల్లా ఆసుపత్రిలో ఆదరించే పెద్ద సిస్టరు ఉన్నారు, కాని రాత్రి పదిహేనుమంది రోగులకు ఒక్కరే నర్సు. నగరంలోని ఆసుపత్రిలో కొత్తవారికి రెండు నెలల శిక్షణ ఉంది, కాని సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు. ఏదీ పూర్తిగా మంచిది కాదు, జీవితంలో తరచు ఇంతే. ఆమె నగరానికి వెళ్లి, సర్టిఫికెట్లు ఇవ్వలేనని మర్యాదగా చెప్పింది. కొంత తర్జనభర్జన తరువాత జిరాక్సు ప్రతులతో చేర్చుకున్నారు. నిన్న ఫోన్ చేసి, "అంకుల్, రాత్రి ఎవరిని అడగాలో కనుక్కున్నాను. నంబరు నా జేబులోనే ఉంది" అన్నది.

ఆమె మొదటి నైట్ డ్యూటీ వచ్చే నెలలో. అవతల ఫోన్ ఎత్తేవారు నాకన్నా మంచివారు కావాలని కోరుకుంటున్నాను.