దిగిపోయినవాళ్లకూ ఒక పిలుపు

సింగరేణి కాలరీస్ సంస్థ చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



బొగ్గు బాయిలో పనిచేసినన్నాళ్లూ పీఎంఈకి, అంటే కొన్నేళ్లకోసారి చేసే వైద్య పరీక్షకు, పిలుపు వచ్చేది. గొట్టంలో ఊదించి, ఛాతీకి ఎక్స్‌రే తీసి ఫిట్ అని రాస్తే ఇంటిల్లిపాదికీ నిమ్మళం. దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్‌ను పట్టడానికి ఆ ఎక్స్‌రే పనికొస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో దాన్ని నమ్ముకోలేం. చిన్న గడ్డ పక్కటెముకల చాటునో, గుండె నీడలోనో దాగిపోతుంది. ఏటా ఎక్స్‌రే తీసినా ఈ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని అమెరికాలో లక్షన్నర మందిపై జరిగిన అధ్యయనం 2011లో తేల్చింది. అదే ఏడాది మరో అధ్యయనం వెలువడింది. విపరీతంగా పొగతాగిన 53 వేల మందికి పైగా అందులో ఉన్నారు. తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్ చేయించుకున్నవారిలో ఈ మరణాలు 20 శాతం తగ్గాయి. సూది లేదు, కోత లేదు. కాసేపు ఊపిరి బిగపట్టి పడుకుంటే చాలు.

రాయికి డ్రిల్లు వేస్తే లేచే సిలికా దుమ్మును 1997లో, డీజిల్ పొగను 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాలుగా తేల్చింది. రెండూ మా కార్మికులు పీల్చినవే. పైగా బీడీ. ఈ జబ్బు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. బయటపడేనాటికి మనిషి రిటైరై దిగిపోయి ఉంటాడు, పీఎంఈ పిలుపూ ఆగిపోయి ఉంటుంది.

చిక్కు లేకపోలేదు. పాత టీబీ మచ్చలూ స్కాన్‌లో గడ్డల్లాగే కనబడతాయి. 53 వేల మందిపై జరిగిన ఆ అధ్యయనంలోనే స్కాన్‌లో అనుమానం వచ్చిన ప్రతి వందలో 96 క్యాన్సర్ కాదని తేలింది. కాబట్టి యంత్రం ఒక్కటే కొంటే భయం పెరుగుతుంది తప్ప మేలు జరగదు. ఛాతీ డాక్టరు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని చూడాలి. తొందరపడి ముక్క తీయకుండా, కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీసి పోల్చాలి. శ్వాసతో, రక్తంతో ఈ క్యాన్సర్‌ను పట్టే పరీక్షలు ఇంకా చాలావరకు పరిశోధనలోనే ఉన్నాయి. వాటి కోసం ఆగొద్దు.

రామగుండం మూడు ఏరియాల్లో మొదలుపెట్టండి. యాభై దాటి, ఎక్కువ పొగతాగి, ఏళ్లకేళ్లు దుమ్ములో పనిచేసినవారికి ఏటా ఈ స్కాన్ చేయించండి. కాంట్రాక్టు కార్మికులను వదలకండి. దిగిపోయినవాళ్ల చిరునామాలు పింఛను కాగితాల్లోనే ఉన్నాయి. దగ్గులో రక్తం పడకముందే మమ్మల్ని పిలవండి.

ఇట్లు,
దిగిపోయిన ఒక బాయి కార్మికుడు, గోదావరిఖని