48 వోల్టులే కదా!

సిగ్నల్ పోతే మనందరం చేసే పని ఒకటే. ఫోన్ పైకెత్తి గాల్లో తిప్పడం. నాలుగేళ్లు కోనసీమ టవర్ల దగ్గర పనిచేశాక నాకు ఆ అలవాటు పోయింది. ఇప్పుడు సిగ్నల్ పోయిందంటే నాకు గుర్తొచ్చేవి రెండే: కింద గదిలో బ్యాటరీలు, పైన కనెక్టర్‌లో చెంచాడు నీళ్లు.

ముందు కింద సంగతి. టవర్ పరికరాలు మన ఇంటి కరెంటుతో నేరుగా నడవవు. రెక్టిఫయర్లు దాన్ని 48 వోల్టుల డీసీగా మారుస్తాయి. అదీ మైనస్ 48! ప్లస్ వైపును భూమికి కలిపేస్తారు. తేమకి రాగి తీగ తినేయకుండా ల్యాండ్‌లైన్ల కాలం నుంచీ వస్తున్న పద్ధతి ఇది. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి 2 వోల్టుల సెల్స్ 24 వరసగా ఉంటాయి.

చేరిన మొదటి నెల. బ్యాటరీ బోల్టులు బిగించాలి. సీనియర్ అన్న "ఒరేయ్, ముందు ఆ ఉంగరం తీసి జేబులో పెట్టు" అన్నాడు.

"48 వోల్టులే కదన్నా, షాక్ కొట్టదుగా?"

"షాక్ కాదురా. తియ్యి ముందు."

గొణుక్కుంటూ తీశా. పది నిమిషాలు కాలేదు, నా చేతిలో పానా జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడింది. టప్‌మని మెరుపు! కళ్లు బైర్లు కమ్మాయి. చూస్తే పానా అంచు ఎలుక కొరికినట్టు కరిగిపోయింది. వోల్టులు తక్కువైనా, షార్ట్ అయితే ఆ బ్యాటరీల్లోంచి వందల ఆంపియర్లు దూకుతాయి. పానా ప్లేసులో ఉంగరం ఉంటే వేలు ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించబుద్ధి కాదు. అన్న తిట్టలేదు. టీ తాగించి, నా పానాల పిడులన్నిటికీ టేప్ చుట్టించాడు.

ఇక పైన. వాన పడినప్పుడల్లా ఒక టవర్‌కి అలారం వచ్చేది. పంపిన సిగ్నల్ యాంటెన్నా దాకా వెళ్లకుండా వెనక్కి తిరిగొస్తోందని దానర్థం. ఎక్కి కనెక్టర్ మీది టేప్ కోశా. లోపల నీళ్లు, పచ్చగా చిలుము. సముద్రపు గాలి కదా, ఉప్పు కూడా తోడైంది. తప్పెక్కడంటే, ఎవరో టేప్‌ను పైనుంచి కిందికి చుట్టారు. అలా చుడితే ప్రతి అంచూ వాన నీటికి జేబే. కింది నుంచి పైకి చుట్టాలి, పెంకులు చూరు నుంచి పైకి పేర్చినట్టు. టేప్ చుట్టడానికి పది నిమిషాలు, కేబుల్ మార్చడానికి సగం రోజు!

మీ డాబా మీది డిష్‌కీ ఇదే రోగం. సెట్‌టాప్ బాక్స్ అదే కేబుల్‌లో పైకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. 13కి కొన్ని ఛానళ్లు, 18కి మిగతావి. అందుకే సగం ఛానళ్లు వచ్చి సగం రాకపోతే రీచార్జ్ గురించి గొడవపడేముందు డిష్ దగ్గరి కనెక్టర్ చూడండి. బాక్స్ ప్లగ్ పీకేశాకే ముట్టుకోండి. కేబుల్ లోపలికి వచ్చే చోట కాస్త కిందికి వేలాడేలా వంపు వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉరుములప్పుడు మాత్రం డాబా ఎక్కొద్దు, ఫైనల్ మ్యాచ్ అయినా సరే. పక్కనే కరెంటు తీగలుంటే ఎండ కాస్తున్నా మెకానిక్‌నే పిలవండి.