ఎంపిక జాబితా కన్నా ముందు జరిగిన పనిని చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు,

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు పెట్టే మన ఇంజనీరింగ్ విద్యార్థుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. 2005లో మొదలైన ఈ కార్యక్రమంలో కొత్తవాళ్లు ఏదో ఒక ఓపెన్ సోర్స్ సంస్థలో మెంటర్ల దగ్గర వేసవిలో పనిచేస్తారు, స్టైపెండ్ గూగుల్ ఇస్తుంది. ఎంపికైన విద్యార్థిని కాలేజీ గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. ఎంపిక కానివాళ్లు చేసిన పని మాత్రం ఏ రికార్డుకూ ఎక్కదు. నా విన్నపం వాళ్ల తరఫున: ఎంపికైనా కాకపోయినా, దరఖాస్తుకు ముందు ఆ ప్రాజెక్టులో విద్యార్థి చేసిన పనికి ఇంటర్న్‌షిప్ క్రెడిట్లలో చోటివ్వండి.

2025లో 15 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే అవకాశం దక్కింది 1,280 మందికి. అంటే సుమారు పన్నెండు మందిలో ఒకరికి. తక్కినవాళ్లు చేతకానివాళ్లని దీని అర్థం కాదు. మెంటర్లలో చాలామంది తీరిక వేళల్లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు. ఎంతమందిని చూసుకోగలరో అన్ని స్థానాలే సంస్థలు అడుగుతాయి, ఎన్ని ఇవ్వాలో చివరికి గూగుల్ తేలుస్తుంది. ఒకే పనికి ఇద్దరు సమర్థులు ప్రపోజల్ ఇస్తే ఒకరిని వదులుకోక తప్పదు. కానీ ఆ ఇద్దరూ అప్పటికే చాలా నేర్చుకుని ఉంటారు. గణిత లైబ్రరీ సింపైనే చూడండి. కనీసం ఒక ప్యాచ్, అంటే ఒక మార్పు, తమ కోడ్‌లో చేరితేనే వాళ్లు దరఖాస్తును పరిగణిస్తారు. ఆ ఒక్క ప్యాచ్ కోసం ఇతరులు రాసిన కోడ్ ఓపిగ్గా చదవాలి, తప్పెక్కడుందో పట్టుకోవాలి, టెస్టులు రాయాలి, ముక్కూ మొహం తెలియని రివ్యూయర్ ప్రశ్నలకు అందరూ చూసే చోట జవాబు చెప్పాలి, కాదంటే తిరగరాయాలి. మన ల్యాబ్‌లలో విద్యార్థి ఎప్పుడూ ఖాళీ ఫైలుతో మొదలుపెడతాడు. ఉద్యోగంలో అలాంటి ఫైలు అరుదుగా దొరుకుతుంది.

క్రెడిట్లు ఇస్తే పనికిమాలిన ప్యాచ్‌లు వెల్లువెత్తుతాయని ప్రాజెక్టులను నడిపే మెయింటైనర్లు కొందరు భయపడతారు. ఆ భయానికి ఆధారం ఉంది. నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పుల ప్రతిపాదనలు) పంపితే టీషర్టు ఇస్తామన్న హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020 అక్టోబరులో, రీడ్‌మీ ఫైళ్లలో ఒకటి రెండు మాటలు మార్చి పంపినవాళ్ల తాకిడికి మెయింటైనర్లు విసిగిపోయారు. ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేస్తూ నిర్వాహకులు కార్యక్రమం నడుస్తుండగానే నిబంధన మార్చాల్సి వచ్చింది. అక్కడ చూసింది సంఖ్యను. మీరు సంఖ్య అడగవద్దు. ఒక్క మార్పు చాలు. దాన్ని ప్రాజెక్టు ఆమోదించి ఉండాలి, లేదా నిజమైన చర్చ జరిగాక కాదని ఉండాలి. ప్యాచ్‌ను ఏఐ రాసిపెడితే ఎలా అంటే, మనకు వైవా ఉంది. రాసినవాళ్లే జవాబు చెప్పగల ప్రశ్నలు రెండు అడిగితే తేలిపోతుంది. అధ్యాపకులకు ఆ ప్రాజెక్టు కొత్తదైనా ఇబ్బంది లేదు: ప్రతి వ్యాఖ్యా, ప్రతి సవరణా తేదీతో సహా బహిరంగంగానే ఉంటాయి. ఏదో కంపెనీ ఇచ్చిన ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌ను సరిచూడటం కన్నా ఇది ఎంతో సులువు.

సత్తా ఉన్నవాళ్లు ఎలాగూ దరఖాస్తు చేస్తారు, ప్రోత్సాహం ఎందుకన్న వాదన కూడా ఉంది. కానీ 2006లో ఇదే కార్యక్రమం కింద ఓపెన్ సోర్స్ సంస్థ గ్నోమ్‌కు 181 దరఖాస్తులు వస్తే, వాటిలో మహిళలది ఒక్కటీ లేదు. మహిళల కోసమే వేసవి కార్యక్రమం గ్నోమ్ ప్రకటించగానే వంద దాకా వచ్చాయి. నేటి ఔట్‌రీచీ ఇంటర్న్‌షిప్ కార్యక్రమానికి మూలం అదే. ఆ వేసవికి ముందు కూడా ఆ మహిళలకు ప్రతిభ ఉంది, తమను రమ్మంటున్నారన్న నమ్మకం లేదు. పన్నెండులో ఒక వంతు అవకాశం కోసం నెలల శ్రమ పెట్టమంటే ముందుగా వెనకడుగు వేసేది దారి చూపే సీనియర్లు లేని చిన్న ఊళ్ల కాలేజీల పిల్లలే. ఆ శ్రమ ఎలాగూ మార్కుల జాబితాలో కనిపిస్తుందని తెలిస్తే ఇంట్లో వాళ్లకు చెప్పుకోవడమూ తేలికవుతుంది.

పాల్గొనే సంస్థల జాబితా మామూలుగా ఫిబ్రవరి చివర్లో వస్తుంది, దరఖాస్తుల గడువు మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో ముగుస్తుంది. అప్పటికి ఒక ప్యాచ్ చేరి ఉండాలంటే నవంబరులోనే పని మొదలవ్వాలి. కాబట్టి మీ సర్క్యులర్, ప్రతి కాలేజీలో వైవా తీసుకునే అధ్యాపకుల పేర్లతో సహా, దసరా సెలవుల లోపే విద్యార్థులకు అందేలా చూడండి.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు