క్యాంపులో ఒక్క గంట నిశ్శబ్దం!

గత వేసవిలో మా అబ్బాయిని పది రోజుల రెసిడెన్షియల్ సమ్మర్ క్యాంపులో చేర్పించాం. వాడికి పద్నాలుగేళ్లు. నాలుగో రోజు రాత్రి నిర్వాహకులు ఫోన్ చేశారు. ‘మీవాడు ఎవరితోనూ కలవడం లేదండీ. అందరూ డాన్స్ చేస్తుంటే వెళ్లి బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చున్నాడు’ అన్నారు. వాడికి ఫోన్ ఇమ్మన్నాను. ‘తల పగిలిపోతోంది నాన్నా, వచ్చేస్తా’ అన్నాడు. ‘అందరూ ఉంటున్నారుగా, నీకే ఏమొచ్చింది? కట్టిన డబ్బులు వెనక్కివ్వరు’ అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పది రోజులూ ఉండే వచ్చాడు. వచ్చాక రెండు రోజులు గది దాటలేదు. మూడో రోజు వాళ్లమ్మతో చెప్పాడు. ఉదయం ఐదున్నరకే విజిల్. యోగా, కరాటే, ఈత, మధ్యాహ్నం రోబోటిక్స్, సాయంత్రం ఆటలు, రాత్రి పదకొండు దాకా డీజే. పడకేమో ఇరవై మందితో కలిసి ఒకే హాల్లో. ‘ఒక్కడినే కూర్చునే చోటు బాత్‌రూమ్ తప్ప ఇంకోటి లేదమ్మా’ అన్నాడు. నేను మొండితనం అనుకున్నదంతా అలసటేనని అప్పుడు అర్థమైంది.

మన మెదడు ప్రతి క్షణం చుట్టూ ఉన్న శబ్దాలు, వెలుతురు, వాసనలు, స్పర్శల్లోంచి అవసరమైనవి తీసుకుని మిగతావి పక్కన పెడుతుంటుంది. ఈ వడపోత అందరిలో ఒకేలా ఉండదు. ఒకరికి హుషారు తెప్పించే డప్పుమోత మరొకరికి తలనొప్పి. భావోద్వేగాలకు కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే టీనేజీలో ఒత్తిడి హద్దు దాటితే అది మాటల్లో కన్నా చిరాకు, ఏడుపు, మౌనం, కడుపునొప్పి, ‘ఇంటికొచ్చేస్తా’ అనే పంతంగా బయటపడుతుంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ, మైగ్రేన్, ఆందోళన ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. ఏ సమస్యా లేని పిల్లలకూ ఈ పరిస్థితి రావచ్చు.

దీనికి నిద్రలేమి తోడైతే పరిస్థితి మరీ దిగజారుతుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా ఈ వయసులో నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ రాత్రి కాస్త ఆలస్యంగా విడుదలవుతుంది. పదకొండింటి దాకా డీజే పెట్టి ఐదున్నరకు విజిల్ ఊదితే దక్కేది ఆరున్నర గంటలే. పది రోజుల్లో తక్కువలో తక్కువ 15 గంటల నిద్ర బాకీ! అసలు రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి.

మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ వాళ్లింట్లో పదిహేను మంది పిల్లలం చేరేవాళ్లం. గోల తక్కువేమీ కాదు. కానీ మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపులు దగ్గరకు వేసేవారు. పెద్దలు పడుకునేవారు. ఎండ తగ్గేదాకా ఎవరూ గడప దాటకూడదు. నిద్ర పట్టనివాళ్లం మూల కూర్చుని పాత చందమామలు తిరగేసేవాళ్లం. ఎవరూ ప్లాన్ చేయకుండానే రోజులో మూడు గంటల విశ్రాంతి దొరికేది. ఇప్పుడు కట్టిన ఫీజుకు ప్రతి నిమిషం లెక్క చూసుకుంటున్నాం. టైమ్‌టేబుల్లో ఖాళీ కనిపిస్తే ‘ఈ గంట ఏం నేర్పిస్తారు?’ అని అడిగేది మనమే. నిర్వాహకులను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు.

‘ఇంత సుకుమారంగా పెంచితే రేపు ఇంటర్ హాస్టల్లో ఎలా నెగ్గుకొస్తాడు?’ అని మా అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పిల్లల్ని క్యాంపులకే పంపొద్దని నేను అనను. కొత్త స్నేహాలు, ఈత, జట్టుగా ఆడటం ఇంట్లో కూర్చుంటే రావు. భయపడిన ప్రతిచోటు నుంచీ తప్పిస్తే భయం ఇంకా పెరుగుతుంది. అయితే హాస్టల్లో నెగ్గుకురావాలంటే తన హద్దు తనకు తెలియాలి. ‘నాకు పది నిమిషాలు కావాలి’ అని అడగడం, తేరుకుని మళ్లీ నలుగురిలోకి రావడం అలవడాలి. క్యాంపులో నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే అంటాను.

అందుకు ముందే కొన్ని పనులు చేయాలి. ఫీజు కట్టే ముందు టైమ్‌టేబుల్ అడిగి తీసుకోండి. ఎన్ని గంటలు నిద్ర, మధ్యాహ్నం విశ్రాంతి ఉందా, విడిగా కూర్చునే గది ఉందా అన్నవి చూడండి. క్యాంపు ఎంపికలో పిల్లల మాటకు విలువివ్వండి. పెద్ద శబ్దాలు పడవన్న సంగతి నిర్వాహకులకు ముందే చెప్పండి. అందరి ఎదుటా ఫోన్‌లో బాధ చెప్పుకోలేరు కాబట్టి ఒక గుర్తు మాట పెట్టుకోండి. ‘తాతయ్య ఎలా ఉన్నారు?’ అని అడిగితే ‘నాకు కష్టంగా ఉంది’ అని అర్థం. ఆ మాట వింటే మాత్రం నాలాగా డబ్బుల సంగతి ఎత్తొద్దు.

అక్కడ తల బరువెక్కితే చెప్పి నీడలోకి వెళ్లడం, మొహం కడుక్కుని నీళ్లు తాగడం, గాలి పీల్చిన దానికన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు వదలడం నేర్పించండి. ఐదారు నిమిషాల్లోనే ఒళ్లు తేలికపడుతుంది. రాత్రికి ఇయర్‌ప్లగ్స్ బ్యాగులో పెట్టండి. ఇంటికి రాగానే ‘ఏం నేర్చుకున్నావ్, అత్తయ్యకు చేసి చూపించు’ అనకండి. ముందు అన్నం, స్నానం, నిద్ర. ఫోన్‌లో రీల్స్ చూడటం విశ్రాంతి కాదు, అదీ మెదడుకు మరో డీజేనే.

ఒక హెచ్చరిక. మన మే నెల ఎండల్లో తలనొప్పి, చిరాకు వడదెబ్బకూ సూచన కావచ్చు. ఒళ్లు కాలిపోతూ, తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిబట్టతో తుడుస్తూ 108కు ఫోన్ చేయాలి. క్యాంపు ముగిసి రెండు వారాలైనా నిద్ర, తిండి దారికి రాకపోతే, ఎవరితోనూ మాట్లాడకపోతే డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

నిర్వాహకులను కోరేది ఒక్కటే. రోజుకు ఒక గంట, ఒక గది. స్పీకర్లు, పోటీలు, ఫొటోలు లేకుండా. దీనికి పెద్దగా ఖర్చు కాదు. తల్లిదండ్రులం అడిగితే రేపటి నుంచే పెడతారు.

ఈ ఏడాది మావాడు తనే వెతుక్కుని ఉదయం పూట ఈత క్యాంపులో చేరాడు. పదకొండుకల్లా ఇంటికొస్తాడు. అన్నం తిని, ఫ్యాను వేసుకుని, తలుపు దగ్గరగా వేసుకుంటాడు. సాయంత్రం దాకా వాడిని మేమెవరం పలకరించం.