స్టార్వ్‌డ్ రాక్: రీల్‌లో జలపాతం.. వెళ్తే తడి గోడ! అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే

అమెరికాలో లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు.. చికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ పేరు తిరుగుతుంది. అదే స్టార్వ్‌డ్ రాక్ స్టేట్ పార్క్. సిటీ నుంచి సుమారు 145 కిలోమీటర్లు. అరోరా, నేపర్‌విల్ నుంచైతే ఇంకా దగ్గర. పులిహోర డబ్బాలు సర్దుకుని పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. ఏళ్లుగా ఎంట్రీ ఫీజు లేని పార్క్ కావడంతో స్టూడెంట్స్‌కి ఇంకా ఇష్టం.

కానీ జులైలోనో ఆగస్టులోనో వెళ్లిన చాలామందికి అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే. జలపాతం ఏది?

నది నిండుగా ఉన్నా.. జలపాతం ఉండదు!

పార్క్ ఇల్లినాయ్ నది ఒడ్డునే ఉంది. ఇసుకరాయి కొండల మధ్య 18 లోయలు, వాటిని కలుపుతూ 21 కిలోమీటర్ల ట్రయల్స్ ఉన్నాయి. అయితే ఈ జలపాతాలకు నీళ్లు నది నుంచి రావు. పైనుంచి వచ్చే చిన్న చిన్న వాగులే లోయల్లోకి దూకుతాయి. మంచు కరిగి, వానలు పడే వసంతంలోనే వాటికి కళ. ఎండలు ముదిరాక చాలాచోట్ల సన్నటి ధార, లేదంటే తడి గోడ మాత్రమే మిగులుతుంది. సెయింట్ లూయిస్, ఫ్రెంచ్, లాసాల్ లోయల్లో మాత్రం నీళ్లు కాస్త ఎక్కువ రోజులు ఉంటాయి.

రీల్ తీసింది ఏప్రిల్‌లో.. చూసి వెళ్లింది ఆగస్టులో. తేడా అక్కడే వస్తోంది.

ట్రయల్ దాటితే ఏమవుతుంది?

అంత దూరం వెళ్లాక ఒట్టి చేతులతో వెనక్కి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. కనీసం మంచి ఫొటో అయినా కావాలి. దాంతో కొందరు కంచె దాటతారు. కొండ అంచుకి వెళ్తారు. పార్క్ రూల్ మాత్రం స్పష్టంగా ఉంది.. గుర్తు పెట్టిన దారి వదలకూడదు. బోర్డు కనబడుతుంది. కారణం కనబడదు.

ఆ కారణం కాళ్ల కిందే ఉంది. ఇసుకరాయి గ్రానైట్‌లా గట్టిది కాదు, అంచుల్లో తేలిగ్గా రాలుతుంది. పైన ఇసుక, ఎండుటాకులు, నాచు. చూడ్డానికి నేలలా ఉన్నది అడుగు వేశాక జారుతుంది. కింద నిటారు గోడ.

కుంటాల అలవాటు ఇక్కడ కుదరదు

మనకి జలపాతం అంటే చూసేది కాదు, తడిసేది. కుంటాలకైనా, బొగతకైనా బట్టల జత పట్టుకునే వెళ్తాం. అక్కడ కూడా ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. వరద పెరిగితే బొగతలో అటవీశాఖ సందర్శకులను ఆపేస్తోంది. స్టార్వ్‌డ్ రాక్‌లో మాత్రం సీజన్‌తో పని లేదు. నదిలో ఈతకు ఎప్పుడూ అనుమతి లేదు. పక్కనే డ్యామ్ ఉంది. పైకి నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. లోపలి ప్రవాహం మనిషిని కిందికి లాగేస్తుంది.

అమెరికాలో జలపాతాల దగ్గర, సరస్సుల్లో తెలుగు విద్యార్థులు చనిపోయారన్న వార్తలు కొన్నేళ్లుగా వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరూ చూశారు. ఊళ్లో తల్లిదండ్రుల ఎదురుచూపులు, కాన్సులేట్ కాగితాలు, స్నేహితులు ఆన్‌లైన్‌లో పోగుచేసే విరాళాలు. తీర్చాల్సిన ఎడ్యుకేషన్ లోన్ అలాగే ఉంటుంది.

రూల్ తెలియక కాదు..

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మాస్టర్స్ చదువుతున్నవాళ్లకి బోర్డు మీద ఇంగ్లిష్ అర్థం కాకపోవడం ఉండదు. బోర్డు అంటే ఫైన్ కోసం అనుకోవడమే సమస్య. పదిమంది గ్యాంగ్‌లో ఒకరు అంచుకి వెళ్తే, వద్దని చెప్పినవాడు పిరికివాడవుతాడు. అందుకే ఆ మాట కొండ మీద కాదు, కారు ఎక్కకముందే అనుకోవాలి.

ఏటా 20 లక్షల మందికి పైగా వచ్చే పార్క్ ఇది. వీకెండ్‌లో పార్కింగ్ నిండితే కొత్త కార్లను లోపలికి రానివ్వరు. కాబట్టి వీలైతే వీక్‌డే వెళ్లడం మంచిది, లేదంటే పొద్దున్నే చేరుకోవాలి. ముందు విజిటర్ సెంటర్‌లో ఆగి, ఏ లోయలో నీళ్లున్నాయో అడగాలి. లోయల్లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు కాబట్టి గ్రూప్ విడిపోకూడదు.

నీళ్లు లేకపోతే? వేల ఏళ్ల కిందట వరదలు కోసిన ఆ రాతి గోడలు ఎక్కడికీ పోవు. వాటిని చూసి రావచ్చు. జలపాతం కావాలంటే వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లొచ్చు. అంచు దాకా వెళ్లి జారినవాళ్లకి ఆ రెండో ఛాన్స్ ఉండకపోవచ్చు.