ప్రమాద నివేదికలు – పోలీసు ఠాణాలు

2024 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి ఏలూరు జిల్లా టి. నరసాపురము మండలము నుండి జీడిగింజల బస్తాలతో నిడదవోలు వైపునకు బయలుదేరిన చిన్న లారీ యొకటి దేవరపల్లి మండలము చిలకవారిపాకల చెంత బోల్తాపడెను. బస్తాలపై గూర్చుండి పోవుచున్న కూలీలలో నేడుగురు ఆ బస్తాల క్రిందనే నలిగి మరణించిరి. అంతకు మూడేండ్లు ముందు, 2021 డిసెంబరు 15వ తేదీన, అశ్వారావుపేట నుండి జంగారెడ్డిగూడెము వచ్చుచున్న ఆర్టీసీ బస్సు జల్లేరు వాగులో బడగా డ్రైవరు సహా తొమ్మండుగురు ప్రాణములు గోల్పోయినట్లు నాటి వార్తలు దెలిపినవి. చింతలపూడి చుట్టుపట్ల మెట్ట గ్రామములలో నీ రెండు దుర్ఘటనలను ఎరుగని వారుండరు.

ఇట్టివి జరిగినపుడు మంత్రులు సానుభూతి ప్రకటింతురు. పత్రికలు నాలుగు దినములు వ్రాయును. పెద్దకర్మ ముగిసి చుట్టములు వెడలిపోయిన పిదప ఆ కుటుంబమునకు మిగులునది కాగితముల వేట. ప్రథమ సమాచార నివేదిక, ఘటనాస్థల పంచనామా, శవపంచనామా, పోస్టుమార్టము రిపోర్టు, బ్రతికిన వారికి గాయముల సర్టిఫికెట్టు, జనులు బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలుచు నధికారి వాహనమును చూచి వ్రాసిన పరీక్షాపత్రము, తుదకు అభియోగపత్రము: వీనిలో నేది లేకున్నను ఏలూరు ట్రిబ్యునలులో పరిహారపు దావా కుంటుపడును. ఇవి యన్నియు పుట్టునది, లేదా చేరునది, ఠాణాలోనే. ఆ ఠాణా గుమ్మమున నిలుచుండి అడుగువానికి సాధారణముగా లభించు ప్రత్యుత్తరము “రేపు రమ్ము, రైటరు లేడు” అనునదియే. ఫలానా ఠాణా యని వేలు చూపుట మా యుద్దేశము గాదు. ఈ మాట వినని యూరు లేదు గనుకనే వ్రాయుచున్నాము.

కాగితమున కింత విలువ యేలయని కొందరు పాఠకులు శంకింపవచ్చును. జీడిగింజల లారీనే తీసికొందము. మృతులు సరకు నెక్కించి దించుటకై వెంటబోయిన కూలీలని నివేదికలో వ్రాసిన ఒక ఫలము. లారీ నాపి యెక్కిన ప్రయాణికులని వ్రాసిన వేరొక ఫలము. సరకుల బండిలో ఊరక యెక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహింప నక్కరలేదని సుప్రీము కోర్టు ఆశారాణి కేసులో 2002లోనే నిర్ణయించినది. వాహనముతో పనిచేయు కూలీల స్థితి వేరు. అర్ధరాత్రి, లాంతరు వెలుతురున, నిద్రమత్తులో నున్న హెడ్డు కానిస్టేబులు వ్రాసిన ఒక్క మాటపై నేడు కుటుంబముల భుక్తి యాధారపడి యుండును! అట్టి మాటను ఆ కుటుంబములు ఆరు మాసముల పిమ్మట గాక ఆరు దినములలోనే చదువుకొనగలిగినచో, తప్పున్నయెడల దిద్దింప ప్రయత్నించుట కవకాశముండును.

చట్టము ఈ విషయమున బీదల పక్షముననే యున్నది. నేర విచారణ విధానమును 2024 జూలై 1 నుండి శాసించుచున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము ప్రథమ సమాచార నివేదిక నకలును ఫిర్యాదికి గాని బాధితునకు గాని తక్షణమే, ఉచితముగా నీయవలెను. తొంబది దినములలో దర్యాప్తు పురోగతిని వారికి దెలుపవలెనని 193వ సెక్షను విధించుచున్నది. ఇక 1988 నాటి మోటారు వాహనముల చట్టము 160వ సెక్షను ప్రకారము, పరిహారము కోరువాడు అడిగినచో, నిర్ణీత రుసుము గైకొని, బండి గుర్తులును, ప్రమాద సమయమున దానిని వాడుచున్నవాని పేరును, చిరునామాయును తెలుపుట ఠాణాధికారి విధి. దయాధర్మము గాదు, విధి. కొల్లేటి చేపలకై వచ్చు లారీలు దేశపు నలుమూలల నుండి వచ్చునవి. వాని యజమానుల చిరునామా చింతలపూడి కూలివాని భార్య యెక్కడ వెదకగలదు?

అంతేకాదు. 2019 సవరణతో మారిన 159వ సెక్షను మేరకు పోలీసులే మూడు మాసములలో ప్రమాద సమాచార నివేదిక తయారుచేసి ట్రిబ్యునలునకు పంపవలెను. ఆ నివేదికనే పరిహారపు దరఖాస్తుగా భావింపవలెనని 166వ సెక్షను చెప్పుచున్నది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలు మొదటి నివేదికకు 48 గంటలు, మధ్యంతర నివేదికకు 50 దినములు, సమగ్ర నివేదికకు 90 దినములు గడువు పెట్టినవి. ఆ సంవత్సరము డిసెంబరులోనే గోహర్ మహమ్మద్ కేసున సుప్రీము కోర్టు వీనిని కచ్చితముగా పాటింపుడని రాష్ట్రముల నాదేశించినది. అనగా విధవరాలు ఠాణా చుట్టు తిరుగుట గాదు, ఠాణాయే ఆమె పక్షమున ట్రిబ్యునలునకు నడువవలెనని శాసనము. కాని ఈ సంగతి మన పల్లెలలో నెందరెరుగుదురు? ఎరుగని వారిని వెదకికొని వచ్చు దళారులు మాత్రము ఆసుపత్రి వాకిటనే కాచుకొని యుందురు. పరిహారములో నింత భాగమని వ్రాయించుకొని, ఉచితముగా రావలసిన కాగితమును వెలకు దెచ్చి యిత్తురు.

దీని మూలము మనము వెనుకకు చూచిన గాని తెలియదు. 1861 నాటి పోలీసు చట్టము, సిపాయీల తిరుగుబాటు నణచిన మరు సంవత్సరములలో పరప్రభుత్వము తన భద్రతకై చేసికొన్నది. ఆనాటి ఠాణా పుస్తకములు సర్కారు చదువుకొనుటకే గాని రైతు చదువుకొనుటకు గావు. దొరలు వెడలిపోయిరి, చట్టముల పేర్లును మారినవి. పుస్తకమును మూసిపెట్టు నలవాటు మాత్రము రైటరు నుండి రైటరునకు వంశపారంపర్యముగా సంక్రమించుచునే యున్నది.

చింతలపూడికి మరియొక చిక్కు గలదు. కూతవేటు దూరమున తెలంగాణము. సత్తుపల్లి ఖమ్మము జిల్లాలోనిది. ఒకప్పు డది నైజాము సరిహద్దు, 2014 నుండి మరల రాష్ట్రపు సరిహద్దు. బండి యొకచోట, గాయపడినవా డింకొకచోట, చికిత్స విజయవాడలో. “మా పరిధి గాదు” అను మాటకు చట్టమున నిపుడు తావులేదు. ఏ ఠాణాయైనను ఫిర్యాదు వ్రాసికొని సరియైన ఠాణాకు పంపవలెను. దావాయు సత్తుపల్లి వైపుననే వేయ నక్కరలేదు; కుటుంబము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులో, అనగా ఏలూరిలోనే, వేసికొనవచ్చును. 2019 సవరణ ఈ దావాకు ఆరు మాసముల గడువు విధించినది. గడువు దాటినదను కారణముననే త్రోసివేయవలదని 2025 నవంబరులో సుప్రీము కోర్టు మధ్యంతరముగా నుత్తరువు చేసినమాట నిజమే. మధ్యంతర ఉత్తరువును నమ్ముకొని కాలయాపన చేయుట వివేకము గాదు.

మన పాఠకులలో ట్రాక్టర్లు గల రైతులు పలువు రున్నారు. పామాయిలు గెలలకు, పొగాకు కోతకు కూలీలను తొట్టిలో నెక్కించి పంపునపు డీ వ్యాసము తమకు సంబంధింప దనుకొనరాదు. బోల్తాపడిన నాడు కంపెనీ చేతులెత్తివేసినచో పరిహారము రైతు భూమి పైననే బడును. నిందితుడైన యజమానియు నివేదిక నకలు పొందుటకు హక్కుగలవాడే. సున్నితమైన కేసులు తప్ప తక్కిన ప్రథమ సమాచార నివేదికలను 24 గంటలలో వెబ్‌సైటున నుంచవలెనని 2016 సెప్టెంబరులో సుప్రీము కోర్టు ఆజ్ఞాపించినది.

కావున కోరువారు నోటిమాటతో గాక దరఖాస్తు రూపమున కోరవలెను. ప్రమాదము జరిగిన తేదీ, స్థలము, బండి నంబరు, 160వ సెక్షను పేర్కొని, రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై ఠాణా ముద్రయు తేదీయు వేయించుకొనవలెను. పుచ్చుకొననిచో రిజిస్టరు తపాలాలో జిల్లా సూపరింటెండెంటునకు పంపవలెను. అభియోగపత్రము దాఖలైన పిదప తక్కిన నకళ్లు మేజిస్ట్రేటు కోర్టు నుండి వచ్చును. పోలీసు అధికారులను మేము కోరునది స్వల్పము. ఏ కాగితము ఎన్ని దినములలో, ఎంత రుసుముతో లభించునో తెలుగులో వ్రాసిన పలక యొకటి ప్రతి ఠాణా వాకిట, రైటరు బల్ల కెదురుగా, చదువరి కంటబడునట్లు వ్రేలాడదీయింతురు గాక.