బిడ్డను పట్టుకునేది ఎవరు?

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టర్ గారూ, ఉగాది సంచికకు ఏదైనా ఆరోగ్య వ్యాసం రాయండి, షుగర్ మీద అయితే మరీ మంచిది" అన్నారు. షుగర్ మీద చెప్పేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వినేవాళ్ళే కరువు. అందుకని ఆయన అనుమతి లేకుండానే నా ఎక్స్‌రే గది గురించి రాస్తున్నాను. రేడియాలజిస్టులంటే చీకట్లో కూర్చుని ఫిల్ములు చూసుకునే వాళ్ళని మనవాళ్ళకు కాస్త చిన్నచూపు. అమెరికాలో తానాకు తొలి అధ్యక్షుడైన డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు రేడియాలజిస్టేనని ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నాను!

కిందటేడాది ఒక శనివారం సాయంత్రం, ఇక్కడ సుంగై పెటానిలోనే, మన తెలుగు దంపతులు మూడేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. దగ్గు, జ్వరం. ఛాతీ ఎక్స్‌రే తీయాలి. వాడు చేపపిల్లలా జారిపోతున్నాడు. తల్లి గర్భవతి కాబట్టి ఆమెను బయట కూర్చోబెట్టి, మా రేడియోగ్రాఫర్ అమ్మాయి తండ్రికి లెడ్ ఏప్రన్ అందించింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "అమ్మో, రేడియేషన్ కదా! మీ వాళ్ళెవరినైనా పట్టుకోమనండి. మీకు అలవాటే కదా" అన్నారు. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా ఏప్రన్ తనే తొడుక్కోబోయింది. నేను ఆపాను.

"అలవాటే కదా" అన్న మాట నన్ను ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది. 2005 ప్రాంతంలో మన వైపు ఒక ఆస్పత్రిలో పని నేర్చుకుంటున్న రోజులు. అక్కడ అందరూ "బాబాయ్" అని పిలిచే వార్డ్ బాయ్ ఒకాయన ఉండేవాడు. ఏడ్చే పిల్లలు, కాలు విరిగి కదిలిపోయే ముసలివాళ్ళు, తాగి గొడవ చేసే యాక్సిడెంట్ కేసులు, ఎవరొచ్చినా "బాబాయ్‌ని పిలవండి" అనేవాళ్ళం. ఆయన వచ్చి గట్టిగా పట్టుకునేవాడు, మేం గోడ వెనక నిలబడి బటన్ నొక్కేవాళ్ళం. ఏప్రన్ ఒక్కటే ఉండేది. దాన్ని మడతపెట్టి కుర్చీ మీద పడేయడంతో లోపలి రేకు ఎక్కడెక్కడ పగిలిందో ఎవరూ చూడలేదు. బేడ్జి డాక్టర్లకూ టెక్నీషియన్లకూ ఇచ్చారు. బాబాయ్‌కి ఇవ్వలేదు, ఆయన ఎక్స్‌రే విభాగం ఉద్యోగి కాదు కదా!

రిటైరయ్యేలోపలే ఆయనకు రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. ఎక్స్‌రేల వల్లే వచ్చాయని నేననను. ఆ వయసులో ఎండల్లో తిరిగిన వాళ్ళకు మామూలుగానే వస్తాయి. కానీ కాదని కూడా అనలేను. ఎందుకంటే ఆయన ఒంటికి తగిలిన డోసు లెక్క ఈ లోకంలో ఎక్కడా లేదు. కంటి కటకం మనం అనుకున్న దానికన్నా సున్నితమని తేలి, అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో దాని పరిమితిని ఏడాదికి 150 మిల్లీసీవర్టుల నుంచి సగటున 20కి దించమంది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బాబాయే.

బేడ్జి ఉన్న మేమైనా ఏం ఉద్ధరించాం? నాతో చదివే ఒకతను తన బేడ్జిని ఏప్రన్‌తో సహా ఎక్స్‌రే గదిలోనే తగిలించి ఇంటికి వెళ్ళిపోయేవాడు. మూడు నెలలకొకసారి బేడ్జీలు లేబొరేటరీకి పంపేవాళ్ళం. అతనిది హద్దు మీరిందనీ, వివరణ ఇవ్వమనీ కాగితం వచ్చింది. డోసు తిన్నది గోడ, సంజాయిషీ రాసింది మనిషి. అది చూసి భయపడ్డ మిగతా వాళ్ళం తెలివి తెచ్చుకుని బేడ్జీలను డ్రాయర్లో భద్రంగా దాచుకున్నాం. మా లెక్కలు తర్వాత పరమ పవిత్రంగా, సున్నాల్లా వచ్చాయి. బేడ్జి తాయెత్తు కాదు, అది రేడియేషన్‌ను ఆపదు, ఎంత తగిలిందో రాసుకునే చిట్టా పుస్తకం మాత్రమే. మరి చిట్టాను ఇనప్పెట్టెలో పెట్టి వ్యాపారం చేస్తే లాభనష్టాలు ఎలా తెలుస్తాయి?

రేడియేషన్ అనగానే ఈ దేశంలో మనవాళ్ళు 1980లలో పేరాక్ రాష్ట్రంలో జరిగిన బుకిట్ మేరా గొడవనో, 2011 నాటి ఫుకుషిమానో తలుచుకుంటారు. ఆస్పత్రిలో గుమ్మం మీద ఎర్ర దీపం వెలిగే గది ఎవరికీ తోచదు. కొంచెం లెక్క చెబుతాను, భయపడకండి. భూమి, ఆకాశం, గాలి, తిండి, వీటన్నిటి నుంచీ ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ వస్తాయి. పెద్దవాళ్ళకు తీసే ఒక ఛాతీ ఎక్స్‌రే 0.02 దగ్గర, అంటే మూడు రోజుల ప్రకృతి దానం. పొట్ట సీటీ స్కాన్ అయితే 8 దాకా, మూడేళ్ళ పైచిలుకు. గదిలో నిలబడిన వాడికి ముఖ్యంగా తగిలేది రోగి ఒంటి నుంచి చెదిరి వచ్చే కిరణాలు. రెండింతలు దూరం జరిగితే డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అరమిల్లీమీటరు సీసానికి సమానమైన ఏప్రన్ ఆ చెదిరిన కిరణాల్లో నూటికి తొంభై పైనే ఆపుతుంది. పట్టుకునే వాడికి దూరం జరిగే వీలుండదు, చిక్కంతా అక్కడే.

కాబట్టి ఏప్రన్ తొడుక్కుని, నేరుగా వచ్చే కిరణాల దారిలో చేతులు పెట్టకుండా, తన బిడ్డను ఒక్కసారి పట్టుకున్న తండ్రికి తగిలేది మామూలుగా ఒక రోజు ప్రకృతి నుంచి వచ్చేదాని కంటే తక్కువే. అదే పని రోజుకు పదిసార్లు, ఏడాదికి మూడు వందల రోజులు, ఇరవై ఏళ్ళు చేసే మనిషి సంగతి ఆలోచించండి. అందుకే సిబ్బంది ఎవరూ దాన్ని నిత్యకృత్యం చేసుకోకూడదని నియమం. ముందు పట్టీలు, దిండ్లు వాడాలి. కుదరకపోతే బిడ్డ తాలూకు మనిషి, గర్భవతి కాని మనిషి, ఏప్రన్‌తో పట్టుకోవాలి.

"మీ వాళ్ళకైతే పట్టుకోవడం బాగా తెలుసు, మేం పట్టుకుంటే ఫిల్ము చెడి మళ్ళీ తీయాల్సొస్తుంది" అని ఒక పెద్దాయన నాతో వాదించారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ భుజాలు ఎక్కడ పట్టుకోవాలో చూపించడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఖర్చుపెట్టని సోమరితనం మా వైపుది, ఒప్పుకుంటున్నాను. ఇంకో ఫిర్యాదు, "నాకు ఏప్రన్ ఇచ్చి పిల్లవాడికి ఇవ్వలేదేం?" అని. ఒకప్పుడు పిల్లల నడుము కింద సీసం కప్పేవాళ్ళం. దానివల్ల లాభం స్వల్పమనీ, ఒక్కోసారి చూడాల్సిన భాగమే మూసుకుపోయి మళ్ళీ తీయాల్సొస్తుందనీ 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం ఆ అలవాటు మానమంది. అది మా పిసినారితనం కాదు.

ఈ సంగతులు ఊరికే తెలియలేదు. ఎక్స్‌రే 1895లో పుట్టింది. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే గొట్టాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక ఆస్పత్రి ఆవరణలో ఇలా పోయిన 169 మంది పేర్లతో రాతి స్తంభం నిలిపారు. వాళ్ళంతా పేరుమోసిన డాక్టర్లేం కాదు, టెక్నీషియన్లూ నర్సులూ కూడా ఉన్నారు.

మలేషియాలో 1984 నాటి అణుశక్తి లైసెన్సింగ్ చట్టం ఉంది. 2010 నిబంధనల ప్రకారం రేడియేషన్ పనివారికి ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, గర్భంలోని బిడ్డకు 1 మించకూడదు. ఇండియాలో అయితే ఐదేళ్ళ సగటున 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. కాగితం మీద అంతా బాగానే ఉంది. అయితే గర్భం సంగతి ముందే చెబితే డ్యూటీలు పోతాయేమోనని మూడో నెల దాకా దాచుకున్న అమ్మాయిలను నేను చూశాను. ఏప్రన్ బరువుకు నడుము నొప్పి అని వదిలేసే కుర్రాళ్ళనూ చూశాను. మన సభ్యుల పిల్లలు ఇప్పుడు రేడియోగ్రఫీ, నర్సింగ్ చదువుతున్నారు. ఉద్యోగంలో చేరిన పిల్లను "జీతమెంతమ్మా?" అని అడిగే మనం, "ఈసారి నీ బేడ్జి లెక్క ఎంత వచ్చింది?" అని ఒక్కసారైనా అడిగామా?

ఆ శనివారం సంగతి పూర్తి చేయలేదు. ఆ తండ్రికి ఈ లెక్కే చెప్పాను. ఆయన కాసేపు నావంక, కాసేపు ఆ అమ్మాయివంక చూసి, ఏప్రన్ తొడుక్కున్నారు. ఒక్క ఫిల్ముతో పని అయిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయిని "మీది ఏ ఊరమ్మా?" అని అడిగారు. చూస్తే ఇద్దరి తాతలూ ఒకే రబ్బరు తోటలో పాలు గీసినవాళ్ళు.

ఉగాది నాడు భోజనాల దగ్గర నేను ఉంటాను. ఆస్పత్రుల్లో పనిచేసే మన పిల్లలు ఎవరైనా తమ డోసు కాగితం తీసుకొస్తే, బొబ్బట్లు తింటూ కలిసి చూద్దాం.